చైనా రాతబల్లపై పాత ఎనామెల్ వస్తువులు: ఎలా పరిశీలించాలి, ఎలా కాపాడుకోవాలి

చైనాలో చదువుకున్నవారి రాతగదికి కుంచె, సిరా కడ్డీ, కాగితం, సిరా రాయి అనే నాలుగూ ప్రాణాధారమైన వస్తువులు. గంధపు చెక్కను సానపై అరగదీసినట్టు సిరా కడ్డీని నీటితో రాతిపై అరగదీసి రాయవలసి ఉండేది కాబట్టి, ఆ నాలుగింటి చుట్టూ మరికొన్ని చిన్న వస్తువులు చేరాయి. రాతిపై నీటిని చుక్కలుగా వేసే పాత్ర, తడి కుంచెను ఆనించే దిమ్మ, కుంచెను కడిగే గిన్నె, కుంచెలను నిలబెట్టే గొట్టం లాంటి పాత్ర, ముద్ర వేసే ఎర్రటి ముద్దను దాచే భరిణె, కాగితం కదలకుండా పెట్టే బరువు, తడిసిన సిరా కడ్డీని ఆరబెట్టే చిన్న పీట, ధూపం వేసే పాత్ర వాటిలో ముఖ్యమైనవి. వెదురు, చెక్క, రాయి, పింగాణీ, కంచు వీటికి వాడే మామూలు పదార్థాలు. రాగి లేదా కంచు దేహంపై రంగుల గాజుపొడిని కరిగించి అతికించిన ఎనామెల్ వస్తువులు వీటి మధ్య కాస్త వేరుగా నిలుస్తాయి. అలాంటి వస్తువు ఒకటి మీ ముందుకు వచ్చినప్పుడు దాన్ని ఏ క్రమంలో చూడాలో, ఏ గుర్తును ఎంతవరకు నమ్మాలో, ఇంటికి తెచ్చుకున్నాక ఎలా ఉంచాలో ఈ వ్యాసం చెబుతుంది.

ముందుగా ఒక విషయం గుర్తుంచుకుంటే చాలా తప్పులు తప్పుతాయి. పండితుల అభిరుచికి ఎనామెల్ మొదటి నుంచీ నచ్చినది కాదు. 1388లో ట్సావ్ జావ్ పురావస్తువుల గురించి రాసిన మార్గదర్శినిలో, అరబ్బు దేశాల నుంచి వచ్చినదిగా తాను చెప్పిన ఈ పనితనం ఆడవారి అంతఃపురాలకు తగినదే గాని పండితుని నిరాడంబరమైన రాతగదికి తగదని అభిప్రాయపడ్డాడు. వెదురు కణుపునూ, వంకర తిరిగిన చెట్టువేరునూ మెచ్చుకునే కళ్లకు నీలం, ఎరుపు, బంగారం కలిసి మెరిసే వస్తువు ఆర్భాటంగా కనిపించి ఉంటుంది. కాలక్రమంలో ఆ పట్టింపు సడలింది. ముఖ్యంగా చింగ్ వంశపు చక్రవర్తులు తమ రాతబల్లల కోసం ఎనామెల్ వస్తువులను విరివిగా చేయించుకున్నారు. అందువల్ల పండితుని బల్లపైది అని అమ్మకందారు చూపే మేలైన ఎనామెల్ వస్తువు చాలా సందర్భాల్లో రాజాస్థానపు అభిరుచికి చెందినదే అయి ఉంటుంది, లేదా పంతొమ్మిదో శతాబ్దం చివరలో బీజింగ్ దుకాణాల్లో అమ్మకానికి తయారైనది అయి ఉంటుంది. నడిమితరగతి అధికారి రోజూ వాడుకున్న ఎనామెల్ కుంచెపాత్ర అనే కథ వినసొంపుగా ఉన్నా, ఆధారం చూపకుండా దాన్ని ఒప్పుకోనక్కరలేదు.

వస్తువును చేతిలోకి తీసుకోగానే అందరూ అడుగున ఉన్న ముద్రాక్షరాల కోసం తిప్పి చూస్తారు. ఆ అలవాటు మానుకోవడం మేలు. ముద్ర అన్నిటికన్నా తేలికగా అబద్ధం చెప్పగలిగే భాగం. ముందుగా వస్తువు చేయవలసిన పనిని, తర్వాత లోహపు దేహాన్ని, ఆపైన తీగలను లేదా చిత్రణను, రంగులను, బంగారు పూతను చూసి, చివరికి మాత్రమే ముద్ర దగ్గరికి రావాలి.

పని చేయగలదా అని చూడడం

రాతబల్ల వస్తువు ఎంత అలంకారంగా ఉన్నా, అది చేయవలసిన పని దాని రూపంలో కనిపించాలి. కుంచె దిమ్మను సాధారణంగా ఐదు శిఖరాల కొండ ఆకారంలో చేసేవారు. నడిమి శిఖరం ఎత్తుగా, పక్కవి క్రమంగా తగ్గుతూ ఉంటాయి. రెండు శిఖరాల మధ్య పల్లంలో కుంచె కాడ దొర్లకుండా నిలవాలి, తడి వెంట్రుకలు బల్లకు తగలనంత ఎత్తులో ఉండాలి, దిమ్మ పక్కకు ఒరగకుండా అడుగు బరువుగా ఉండాలి. ఒక సన్నని కర్రపుల్లను పల్లంలో పెట్టి చూస్తే ఇదంతా ఒక్క నిమిషంలో తేలిపోతుంది. పల్లాలు మరీ లోతు తక్కువగా, కాడ జారిపోయేట్టు ఉంటే ఆ వస్తువు గాజు అల్మారాలో పెట్టడానికే పుట్టిందని అర్థం. అలాంటిది పాతదే కాదని చెప్పలేము గాని, రాయడానికి కూర్చున్నవాడి కోసం చేసినది మాత్రం కాదు.

నీటి చుక్కల పాత్రకు రెండు రంధ్రాలు ఉండాలి. ఒకటి నీరు బయటికి రావడానికి, రెండోది గాలి లోపలికి పోవడానికి. గాలి రంధ్రాన్ని వేలితో మూస్తే నీరు ఆగుతుంది, వేలు తీస్తే చుక్క పడుతుంది. ఒకే రంధ్రం ఉన్న జంతువు బొమ్మను నీటి పాత్రగా అమ్ముతుంటే అది కాగితపు బరువో, వేరే వస్తువు మూత పైనుంచి ఊడదీసిన బొమ్మో కావచ్చు. నీటిని చెంచాతో తీసి వేసే చిన్న గిన్నెలు వేరే రకం. వీటి నోరు లోపలికి ముడుచుకుని ఉంటుంది, పొట్ట గుండ్రంగా ఉంటుంది. చెంచా చాలావాటికి ఎప్పుడో పోయి ఉంటుంది.

కుంచె కడిగే గిన్నె విషయంలో ఒక మాట ఎక్కువ చెప్పాలి. మూత పోగొట్టుకున్న గుండ్రటి డబ్బా అడుగుభాగాన్ని కుంచె గిన్నెగా అమ్మడం చాలా తేలిక. గిన్నె అంచును లోపలి వైపు నుంచి వేలితో తడిమి చూడండి. మూత కూర్చోవడానికి చేసిన మెట్టు గాని, అంచు చుట్టూ పైకి లేచిన సన్నని పట్టీ గాని తగిలితే అది డబ్బాలో సగమే. అసలైన గిన్నెకు అంచు నునుపుగా, బంగారు పూతతో ముగుస్తుంది, లోపలి వైపు కూడా ఎనామెల్‌తో నిండి ఉంటుంది. నీటి అడుగున కనిపించేలా చేపలూ తామరలూ అలలూ లోపల చిత్రించిన గిన్నెలు ఉన్నాయి.

అదే పద్ధతిలో కుంచెల పాత్ర పై అంచును కూడా చూడాలి. మెడ విరిగిన పూలకూజాను కోసి, అంచుకు కొత్త లోహపు పట్టీ తొడిగితే అది కుంచెల పాత్రలా కనిపిస్తుంది. కోసినచోట పూల తీగల నమూనా మధ్యలో తెగిపోతుంది, పువ్వు సగానికి ఆగిపోతుంది. చైనా పనివాళ్లు నమూనాను అంచు దగ్గర ఒక చిన్న పట్టీతో ముగించేవారు గాని, పువ్వును సగంలో వదిలేసేవారు కారు.

ముద్ర ముద్ద భరిణె చిన్నదీ, చదునైనదీ, సాధారణంగా గుండ్రనిదీ. పాదరస గంధకమైన ఎర్రటి హింగుళాన్ని నూనెతో, నారతో కలిపి ఈ ముద్దను చేస్తారు. లోహం తగిలితే ముద్ద చెడుతుందని, పింగాణీ భరిణే మంచిదని ముద్రలు వాడేవారు భావిస్తారు. అందువల్ల ఎనామెల్ భరిణె లోపల ఏముందో చూడండి. వట్టి రాగి బయటికి కనిపిస్తుంటే అది ముద్ర ముద్దకు కాక అత్తరుకో ధూపద్రవ్యానికో ఉద్దేశించినది కావచ్చు. ధూపపాత్ర, పరిమళ ద్రవ్యాల డబ్బా, ధూపం కదిపే కడ్డీలు పెట్టే చిన్న కూజా ఈ మూడూ ఒకే జట్టుగా చేసేవారు కాబట్టి, విడిపోయిన డబ్బా భరిణెగానూ, విడిపోయిన కూజా కుంచెపాత్రగానూ మారడం వింత కాదు. కాగితపు బరువులు, సిరా రాయి ముందు నిలబెట్టే చిన్న తెరలు, మణికట్టు ఆనించే పలకలు కూడా ఎనామెల్‌తో ఉన్నాయి. వాటికి ప్రత్యేకమైన పరీక్ష అవసరం లేదు, బరువు బరువుగా ఉందా, తెర నిలబడుతుందా అని చూస్తే చాలు.

తీగల పనిని చదవడం

చైనా ఎనామెల్‌లో ఎక్కువగా కనిపించేది క్లాయిజొనే, అంటే లోహపు దేహంపై సన్నని తీగలను నిలువుగా అతికించి చిన్న చిన్న గదులుగా చేసి, ఒక్కో గదిని రంగుల గాజుపొడితో నింపి, సుమారు 800 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాల్చే పద్ధతి. కాల్చినప్పుడు పొడి కరిగి కుంగిపోతుంది కాబట్టి, గది నిండేవరకు మళ్లీ మళ్లీ నింపి కాలుస్తారు. తర్వాత రాళ్లతో, బొగ్గుతో సానపట్టి తీగనూ గాజునూ ఒకే మట్టానికి తెచ్చి, చివరగా బయటికి కనిపించే లోహానికి బంగారు పూత వేస్తారు. ఈ పని యువాన్ వంశపు కాలంలో (1271–1368) చైనాకు చేరింది. పాలనా ముద్ర, అంటే ఏ చక్రవర్తి కాలంలో చేశారో తెలిపే అక్షరాలు ఉండి, నమ్మదగినవిగా ఒప్పుకున్న తొలి వస్తువులు మింగ్ వంశపు షువాన్‌ద చక్రవర్తి కాలానివి (1426–1435). డ్రాగన్లు చుట్టుకున్న ఆ కాలపు పెద్ద జాడీ ఒకటి బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. రాతబల్ల వస్తువు కాకపోయినా, మింగ్ కాలపు రంగులను కళ్లకు అలవాటు చేసుకోవడానికి దాని ఫొటోలను చాలాసేపు చూడడం దండగ కాదు.

పదింతలు పెద్దదిగా చూపే భూతద్దంతో తీగ పైభాగాన్ని చూడండి. మింగ్ కాలపు తీగలు కంచు లేదా రాగి మిశ్రమంతో సాగగొట్టి చేసినవి. మందం ఒకచోట ఎక్కువగా, మరోచోట తక్కువగా ఉంటుంది, పొడవునా సన్నని చీలిక గీతలు కనిపిస్తాయి. తర్వాతి శతాబ్దాల్లో రంధ్రాల పలకలోంచి లాగిన రాగి తీగ వచ్చింది. అది మెత్తనిది, మందం ఒకేలా ఉంటుంది, సూక్ష్మమైన వంపులకు అనువైనది. పనివాళ్లు దాన్ని ఒక రకం మొక్క దుంప జిగురుతో నిలబెట్టి, తర్వాత టంకంతో అతికించేవారు. ఖాళీ స్థలమంతా చిన్న చిన్న చుట్టలతో నింపడం కేవలం అలంకారం కోసం కాదు. వెడల్పయిన గాజు పొర లోహానికి పట్టు లేక పగిలి ఊడిపోతుంది కాబట్టి, చుట్టలు దానికి ఆధారమవుతాయి. తీగల చుట్టలు ఎక్కడా లేకుండా పెద్ద పెద్ద నున్నటి నేలభాగాలు ఉన్న క్లాయిజొనే వస్తువును చూసినప్పుడు, అది బాగా తర్వాతి కాలపుదా, లేక జపానుదా అని ఆలోచించాలి. పంతొమ్మిదో శతాబ్దంలో జపానులో ఈ పని గొప్పగా వృద్ధి చెందింది, ఆ వస్తువులు చైనావిగా చెలామణి అవుతుంటాయి.

గాజు ఉపరితలంలో సూదిమొన అంత గుంటలు కనిపిస్తే కంగారుపడనక్కరలేదు. టంకం వల్లా, గాజులో ఇరుక్కున్న గాలిబుడగల వల్లా అవి ఏర్పడతాయి, సానపట్టినప్పుడు నోరు తెరుచుకుంటాయి. పాత పనిలో వాటిని రంగు కలిపిన మైనంతో పూడ్చేవారు. కాలం గడిచాక ఆ మైనం రాలిపోవచ్చు లేదా మురికి పట్టి నల్లబడవచ్చు. అసలు గుంటలే లేని, అద్దంలాంటి ఉపరితలం ఉన్న వస్తువును మింగ్ కాలానిదని ఎవరైనా చెబితే అనుమానించే హక్కు మీకుంది. అలాగని గుంటలు ఉన్నంత మాత్రాన పాతదని తేలదు. ఇటీవలి నాసిరకం పనిలోనూ అవి కొల్లలుగా ఉంటాయి. కొందరు వేడి సూదితో గుచ్చి మైనమా గాజా అని పరీక్షించమంటారు. అది వస్తువుకు హాని చేసే పద్ధతి, చేయవద్దు. చీకటి గదిలో అతినీలలోహిత కాంతి వేసి చూస్తే మైనం, రెసిన్, కొత్త రంగు పూసిన చోట్లు చుట్టూ ఉన్న గాజుకన్నా వేరుగా మెరుస్తాయి.

రంగుల్లో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆకట్టుకునేది గులాబీ. మింగ్ పనివాళ్ల దగ్గర గులాబీ రంగు గాజు లేదు. ఎర్రటి గాజు రేణువులనూ తెల్లటి గాజు రేణువులనూ ఒకే గదిలో కలిపి కాల్చి, దూరం నుంచి గులాబీగా కనిపించేట్టు చేసేవారు. భూతద్దం కింద ఆ రేకులో ఎర్రని, తెల్లని చుక్కలు విడివిడిగా తెలుస్తాయి. బంగారాన్ని అతి సూక్ష్మంగా గాజులో కలిపి తెచ్చే అచ్చమైన, మేఘంలా మెత్తగా ఉండే గులాబీ పద్దెనిమిదో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో యూరప్ పరిజ్ఞానంతో పాటు రాజాస్థానానికి వచ్చింది. కాబట్టి పదిహేనో శతాబ్దపు ముద్ర ఉన్న కుంచె దిమ్మ మీద తామర రేకు ఒకే పోతగా, చుక్కలు లేని గులాబీలో ఉంటే, ముద్రో రంగో రెండింటిలో ఒకటి అబద్ధం చెబుతోంది. సాధారణంగా అబద్ధం చెప్పేది ముద్రే.

చెక్కుడు ఎనామెల్ అనే మరో రకంలో తీగలు ఉండవు. లోహంలోనే గుంటలు తొలిచి లేదా పోతపోసి గాజుతో నింపుతారు. అందుకే గదుల గోడలు మందంగా, ఎగుడుదిగుడుగా ఉంటాయి. జపాను పనివాళ్లు ప్రాచీన చైనా కంచు ఆకారాలపై ఈ పద్ధతిని విరివిగా వాడి, అడుగున చైనా పాలకుల ముద్రలు వేశారు. బరువైన గోధుమరంగు కంచు దేహంపై అక్కడక్కడ పట్టీల్లా ఎనామెల్ కనిపిస్తే ముందుగా ఆ దిశలో ఆలోచించండి.

చిత్రించిన ఎనామెల్

తీగలు లేకుండా, పలుచని రాగి దేహాన్ని రెండు వైపులా తెల్లటి ఎనామెల్‌తో కప్పి కాల్చి, ఆ తెల్లటి నేలపై కుంచెతో రంగుల ఎనామెల్ చిత్రాలు వేసి మళ్లీ కాల్చే పద్ధతి కాంగ్‌షీ చక్రవర్తి (1662–1722) ఆస్థానంలో స్థిరపడింది. యూరప్ నుంచి వచ్చిన ఎనామెల్ బహుమతులు ఆయనకు ఎంతో నచ్చాయి. ఇటలీ మతప్రచారకుడు మత్తేయో రీపా 1716లో రాసిన ఉత్తరం ప్రకారం, తననూ చిత్రకారుడు జుసెప్పే కాస్తిల్యోనేనూ ఎనామెల్ మీద చిత్రించమని చక్రవర్తి ఆజ్ఞాపించగా, పొద్దున నుంచి రాత్రి దాకా ఆ కార్ఖానాలో మగ్గడం ఇష్టం లేక ఇద్దరూ కావాలని చెడగొట్టి తప్పించుకున్నారు. 1719లో ఫ్రెంచి ఎనామెల్ నిపుణుడు ఝాఁ బతిస్త్ గ్రావరో ఆస్థానానికి వచ్చాడు. యోంగ్‌జెంగ్ చక్రవర్తి (1723–1735) కాలంలో, ఆయన తమ్ముడు యిన్షియాంగ్ పర్యవేక్షణలో 1728 నాటికి ఆస్థాన కార్ఖానాలోనే కొత్త ఎనామెల్ రంగులు తయారయ్యాయి. ఇదే కాలంలో దక్షిణాన గ్వాంగ్‌జౌ రేవు నగరంలో ఆస్థానానికీ, విదేశీ వ్యాపారులకూ కూడా చిత్రించిన ఎనామెల్ చేసేవారు.

ఈ రకం రాతబల్ల వస్తువుల్లో నీటి గిన్నెలు, చిన్న భరిణెలు, కుంచె కడిగే గిన్నెలు ఎక్కువ. పరీక్ష లోపలి వైపు నుంచి మొదలుపెట్టండి. రాగీ గాజూ చల్లారేటప్పుడు వేర్వేరుగా కుంచించుకుంటాయి. ఒకే వైపు గాజు ఉంటే పలుచని రేకు వంగి గాజు పగులుతుంది. అందుకే లోపల కూడా తెల్లగానో లేత నీలంగానో ఎనామెల్ పూత ఉంటుంది. బయట చిత్రించి లోపల వట్టి రాగి ఉన్న పలుచని గిన్నెను నేను నమ్మను. తర్వాత అంచులు, మూలలు, అడుగు వలయం చూడాలి, పెచ్చులు ఊడేది అక్కడే. పాత దెబ్బలో గాజు గవ్వలా వంపుగా విరిగి, అడుగున నల్లబడిన రాగి కనిపిస్తుంది. దెబ్బ అంచులు కొంత అరిగి ఉంటాయి. పెచ్చు ఊడిన చోట రంగు పూసి కప్పినప్పుడు, ఆ మచ్చ మీద కుంచె గీతలు పక్క గీతలతో కలవవు, మెరుపు కాస్త మొద్దుగా ఉంటుంది. పక్క నుంచి వాలుగా కాంతి వేస్తే చిన్న ఎత్తుపల్లం బయటపడుతుంది. ముఖాల చిత్రణలో ఒక తేడా గమనించండి. ఆస్థానపు పనిలో బుగ్గల నీడను సూదిమొన లాంటి చుక్కలతో పేర్చేవారు. అమ్మకం కోసం హడావుడిగా చేసిన పనిలో అదే నీడ ఒకే పూతగా పడి ఉంటుంది. వస్తువు ఎవరి కోసం చేశారన్న దానికి ఇంతకంటే నమ్మకమైన సాక్షి తక్కువ.

బంగారు పూత, అరుగుదల

పాతకాలంలో బంగారాన్ని పాదరసంతో కలిపి లోహంపై పూసి వేడి చేసేవారు. పాదరసం ఆవిరై పోయి బంగారం మిగిలేది. ఆ పూత మందంగా, వెచ్చని పసుపులో ఉంటుంది. పంతొమ్మిదో శతాబ్దపు రెండో భాగం నుంచి వాడుకలోకి వచ్చిన విద్యుత్ పూత పలుచగా, ఒకేలా పరుచుకుని ఉంటుంది. కంటికి ఈ తేడా అన్నిసార్లూ దొరకదు. అరుగుదల మాత్రం దొరుకుతుంది. వాడిన కుంచె దిమ్మలో శిఖరాల మొనలు, కాడ ఆనిన పల్లాల నడుమలు, బల్లకు తగిలే అడుగు అంచు అరిగి రాగి తొంగి చూస్తుంది, వేళ్లు చేరని మూలల్లో బంగారం నిలిచి ఉంటుంది. భరిణెకైతే మూత, అడుగు కలిసే అంచు అరగాలి. వేళ్లు చేరని మూలల్లో బంగారం ఊడిపోయి మొనల మీద మెరుస్తున్న దిమ్మను చూసినప్పుడు, ఎవరో యాసిడ్‌తోనో ముతక గుడ్డతోనో పాతదనాన్ని పుట్టించారని అనుకోవాలి. మరో పక్క, అంతటా కొత్తగా మెరిసే పూత ఉన్నంత మాత్రాన వస్తువు కొత్తదని కాదు, పాత వస్తువులకు మళ్లీ పూత వేయించడం ఎప్పుడూ ఉంది.

చివరగా ముద్ర

మింగ్ వంశపు జింగ్‌తాయ్ చక్రవర్తి (1450–1456) పేరు ఈ కళకే పేరుగా స్థిరపడింది. దానితో ఆయన ముద్రకు గిరాకీ పెరిగింది. ఆ ముద్ర ఉన్నవాటిలో అత్యధికం ఆయన కాలానివి కావు. వాటిలో కొన్ని ఆయనకన్నా ముందటివి కూడా కావడం ఇక్కడి చిక్కు. యువాన్, తొలి మింగ్ కాలపు భాగాలను తర్వాతి శతాబ్దాల్లో కలిపి, కొత్త అడుగు, కొత్త అంచు తగిలించి, జింగ్‌తాయ్ ముద్ర వేసిన వస్తువులు రాజభవన సేకరణలోనే ఉన్నాయి. అందుకే అడుగు పలకను దేహం నుంచి విడిగా చూడాలి. అతుకు గీత ఎక్కడుంది, అడుగు లోహపు రంగు పక్క లోహంతో కలుస్తోందా, అడుగున ఉన్న గాజు నీలం దేహంపై నీలంతో సమానమా అన్నవి ముఖ్యమైన ప్రశ్నలు.

చియెన్‌లోంగ్ చక్రవర్తి (1736–1795) కాలపు ఆస్థాన క్లాయిజొనే వస్తువుల్లో కొన్నిటికి నాలుగక్షరాల పాలనా ముద్ర కింద మరో అక్షరం ఒంటరిగా ఉంటుంది. పిల్లలకు అక్షరాలు నేర్పడానికి వాడిన వెయ్యక్షరాల పద్యం నుంచి తీసిన అక్షరం అది, జట్లను లెక్కపెట్టడానికి వాడుకున్నది. కాంగ్‌షీ కాలపు చిత్రించిన ఎనామెల్‌పై చక్రవర్తి ఆజ్ఞతో చేసినదని తెలిపే నాలుగక్షరాలు జంట గీతల చట్రంలో కనిపిస్తాయి. ఇవన్నీ నకలు చేయడానికి కష్టమైనవేమీ కావు. పైన చెప్పిన పరీక్షలన్నీ ఒకే కాలాన్ని చూపినప్పుడే ముద్ర ఆ సాక్ష్యానికి ముగింపు అవుతుంది.

వస్తువు ఏ కాలానికన్నా ముందటిది కాదో చెప్పే గుర్తులు ఎక్కువ నమ్మదగినవి. అమెరికాలోకి వచ్చే సరుకుపై తయారైన దేశం పేరు ఇంగ్లీషులో ఉండాలన్న నియమం 1891 నుంచి అమలైంది కాబట్టి, రోమన్ లిపిలో చైనా అని వేసిన ముద్ర ఉంటే వస్తువు ఆ తర్వాత ఎగుమతి అయినదని భావించవచ్చు. ఆ ముద్ర లేనంత మాత్రాన అంతకన్నా పాతదని మాత్రం కాదు. లావ్ తియెన్ లి అనే బీజింగ్ దుకాణపు ముద్ర చింగ్ వంశపు చివరి దశ నుంచి కనిపిస్తుంది. ఆ దుకాణపు మంచి పనిని తక్కువగా చూడనక్కరలేదు. పద్దెనిమిదో శతాబ్దపు నకలు కన్నా నిజాయితీగా తన పేరు చెప్పుకున్న 1900 నాటి భరిణె నాకు ఎక్కువ ఇష్టం. 1956లో ఏర్పడిన బీజింగ్ ఎనామెల్ కర్మాగారం వస్తువులు ఇంకా తర్వాతివి, అవి పురావస్తువుల కిందికి రావు.

ఇంట్లో ఉంచేటప్పుడు

ఎనామెల్ వస్తువును నీటిలో ముంచకూడదు. గుంటల్లోంచీ పగుళ్లలోంచీ నీరు గాజు కిందికి చేరి రాగికి చిలుము పట్టిస్తుంది, ఆ చిలుము ఉబ్బి గాజును పైకి నెడుతుంది. కుంచె గిన్నె కాబట్టి నీరు పోయవచ్చు కదా అని వాడడం కూడా అందుకే వద్దు. పాత గాజులో సీసం ఉండడం మామూలే కాబట్టి వీటిలో తినేవీ తాగేవీ అసలు పెట్టకూడదు. మెత్తని వెంట్రుకల కుంచెతో దుమ్ము దులిపితే చాలు. లోహాలకు మెరుపు తెచ్చే పేస్టులు, నిమ్మరసం, చింతపండు రాస్తే ఉన్న కొద్దిపాటి బంగారమూ పోతుంది.

ఎత్తేటప్పుడు చెవులూ, మూతపై గుండీ పట్టుకోకుండా దేహం కింద చేయి వేసి, రెండో చేతితో ఆసరా ఇవ్వాలి. నూలు తొడుగులకన్నా నైట్రైల్ తొడుగులు మేలు, నూలుపోగులు లేచిన తీగ చివరలకు చిక్కుకుంటాయి. రబ్బరు పట్టీలు, ఉన్ని గుడ్డ గంధకం వదిలి లోహాన్ని నల్లబరుస్తాయి కాబట్టి, ఆమ్లం లేని పలుచని కాగితంలో చుట్టి పెట్టాలి. గాలిలో తేమ ఒక్కసారిగా పెరగడం, తగ్గడం రెండూ చెడ్డవే. చిత్రించిన ఎనామెల్‌పై జిగటగా తడి చెమ్మ లాంటిది కనిపించినా, రాగిపై పొడిపొడిగా లేత ఆకుపచ్చ పొడి లేచినా సొంత ప్రయోగాలు ఆపి, లోహం, గాజు రెండింటిలోనూ అనుభవమున్న సంరక్షణ నిపుణునికి చూపాలి. ఊడిన పెచ్చు దొరికితే గమ్ముతో అతికించకుండా చిన్న పొట్లంలో కట్టి వస్తువుతోపాటే ఉంచండి.

కొనేటప్పుడు అడగవలసినవి

ఫొటోల ఆధారంగా కొనేవారు అడుగుభాగం, లోపలి వైపు, అంచు, వాలుగా పడిన కాంతిలో దేహం, తీగల దగ్గరి చిత్రం అడిగి తెప్పించుకోవాలి. వాటిని ఇవ్వడానికి వెనకాడే అమ్మకందారుతో బేరం కొనసాగించడం అనవసరం. పోల్చి చూడడానికి బీజింగ్ రాజభవన మ్యూజియం, తైపేలోని జాతీయ రాజభవన మ్యూజియం, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం, పారిస్ అలంకరణ కళల మ్యూజియం సేకరణలు ఉన్నాయి. జ్యూరిక్‌లోని రీట్‌బర్గ్ మ్యూజియంలో పియర్ ఉల్డ్రి సేకరించిన క్లాయిజొనే వస్తువులు తీగల పనిని చదవడం నేర్చుకోవడానికి ప్రత్యేకంగా ఉపయోగపడతాయి.

పూర్వ యజమానుల వివరాలు ఈ రంగంలో అదనపు హంగు కాదు. 1860లో బ్రిటిష్, ఫ్రెంచి సేనలు బీజింగ్ వెలుపలి వేసవి రాజభవనాన్ని కొల్లగొట్టినప్పుడు అనేక ఎనామెల్ వస్తువులు యూరప్‌కు చేరాయి. ఆ చరిత్ర ఉన్న వస్తువును కొనాలా వద్దా అన్నది ఎవరికి వారు తేల్చుకోవలసిన విషయమైనా, ఆ చరిత్ర దాచిపెట్టి అమ్మడం ఒప్పుకోదగినది కాదు. చైనా చట్టం ప్రకారం 1911కు ముందటి సాంస్కృతిక వస్తువులను ఆ దేశం నుంచి బయటికి పంపకూడదు. కాబట్టి ఇటీవలే చైనా నుంచి వచ్చిన చియెన్‌లోంగ్ కాలపు భరిణె అని ఎవరైనా చెబితే, అది ఆ కాలానిది కాకపోవచ్చు, లేదా దొంగదారిన వచ్చి ఉండవచ్చు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరి చేతి మీదుగా చైనా బయటికి వచ్చిందో చూపే పాత వేలం పట్టిక, రసీదు, కస్టమ్స్ కాగితం ఏదున్నా అసలు ప్రతిని అడగండి.

కొన్నాక ఆ కాగితాలతో పాటు మీ సొంత నమోదు ఒకటి ఉంచుకోండి. అందులో ఎత్తు, వ్యాసం, బరువు, ముద్ర ఫొటో, ప్రతి పగులుకూ పెచ్చుకూ పక్కన కొలబద్ద పెట్టి తీసిన ఫొటో, తీసిన తేదీ ఉండాలి. అదే కోణంలో, అదే వెలుతురులో ఏడాదికొకసారి మళ్లీ తీసి పక్కపక్కన పెట్టి చూస్తే, పగులు నిలకడగా ఉందో పెరుగుతోందో మిల్లీమీటర్లలో తెలుస్తుంది. నిపుణుని దగ్గరికి వెళ్లినప్పుడు ఆయన అడిగే మొదటి ప్రశ్న కూడా అదే అవుతుంది.